ఒక్క దూలం వంతెన

కిందటి వారం బొమ్మను మేడమ్ గది తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది. చంకలో చుట్టిన డ్రాయింగుతో, లోపలినుంచి "రా" అనే మాట కోసం చెవులు రిక్కించుకుని. ట్రైనీగా చేరిన గడువు ఈ వారంతో ముగుస్తోంది. ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇంటికి పంపిస్తారో తేలేది ఆ తలుపు వెనకే.

ఈ కథలోకి కొత్తగా వచ్చినవారికి రెండు మాటలు. కాలేజీ ముగించిన ముగ్గురు స్నేహితురాళ్ళు ఈ నగరానికి వచ్చి, ఐదో అంతస్తులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళూ ఏ ప్రాజెక్టు ఇచ్చినా ముగ్గురూ కలిసే చేశారు. ఒకామె గీసేది, ఒకామె లెక్క కట్టేది, మూడో ఆమె పరీక్షకుల ముందు నిలబడి మాట్లాడేది. అందుకని వాళ్ళ అసలు పేర్లు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. బొమ్మ, లెక్క, వాగుడు. ఇప్పుడు బొమ్మ వంతెనలు డిజైన్ చేసే ఒక చిన్న ఆఫీసులో ఉంది. లెక్క, ఇతరుల డిజైన్లను సరిచూసే తనిఖీ సంస్థలో చేరింది. వాగుడు టైల్స్ షోరూములో రోజంతా నేల గురించి మాట్లాడి జీతం తెచ్చుకుంటోంది. ఉద్యోగాలు వేరైనా అలవాటు మాత్రం మారలేదు. బొమ్మ ఆఫీసు పని సాయంత్రానికి ఇంటికొచ్చేది, పొద్దునకి ముగ్గురి పనై తిరిగి వెళ్ళేది.

"రా," అంది మేడమ్.

ఆవిడ బల్ల కింద చెప్పులు విడిచి, ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని కూర్చుని ఉంది. ఎవరినైనా తిట్టాల్సి వస్తే ఆవిడ చెప్పులు తొడుక్కుంటుందని ఆఫీసులో చెప్పుకుంటారు. బొమ్మ ముందు అటే చూసింది. చెప్పులు పక్కనే ఉన్నాయి. కాస్త ఊపిరి ఆడింది.

"ఇది నీదేనా?"

"అవును మేడమ్."

"చాలా బాగుంది."

డ్రాయింగు బల్ల మీద పరుచుకుంది. కాలవకి ఒక పక్క రోడ్డు, రెండో పక్క బడి. ఇప్పుడున్న చెక్క వంతెన కుంగిపోతోంది కనుక దాని చోట కొత్తది కట్టాలి. బొమ్మ గీసిన వంతెనకి మధ్యలో వెన్నెముకలా ఒక్కటే ఇనుప దూలం. దానికి అటూ ఇటూ రెక్కల్లా చాచిన నడక దారి. ఎటు తిరిగినా నీళ్ళు కనబడతాయి. ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా గీస్తున్న మనిషి కూడా దాని ముందు కాసేపు ఆగి వెళ్ళాడు.

"ఆ కాలవ దగ్గరికి నిన్ను ఒక్కసారే పంపాం కదా. ఇంకెప్పుడైనా వెళ్ళావా?"

"నాలుగైదు సార్లు వెళ్ళాను మేడమ్. బడి వదిలే వేళకి."

"ఎందుకు?"

"పిల్లలు ఎలా నడుస్తారో చూద్దామని."

"ఎలా నడుస్తారు?"

బొమ్మ ముఖం విప్పారింది. "అసలు నడవరు మేడమ్. గంట కొట్టగానే పరుగు. బాతులు ఎప్పుడూ ఒక వైపే ఉంటాయి. ఒకడు బాతు అన్నాడంటే వంతెన మీదున్న వాళ్ళంతా అటే ఎగబడతారు. రెండో వైపు ఒక్క పురుగు ఉండదు."

మేడమ్ తల ఊపింది. డ్రాయింగు పక్కకి జరిపి, లెక్కల కాగితాలు ముందుకు లాక్కుంది. ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కడున్న పిల్లలు మాత్రం చాలా బుద్ధిమంతులు. ఇటు సగం మంది, అటు సగం మంది, వరసగా నిలబడ్డారు. ఏ బాతుని చూసినా కదలరు."

బొమ్మ ఆ పేజీ వైపు చూసింది.

"గీసిన మనిషి ఆ ఒడ్డున నిలబడి చూసింది," అంది మేడమ్ నెమ్మదిగా. "లెక్క కట్టిన మనిషి ఆ దారినే పోలేదు. వీళ్ళు ఇద్దరు మనుషులు. నేను పొరబడ్డానా?"

తొందరలో మరిచిపోయాను అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అలాంటి మాటలు వాగుడు బోలెడు నేర్పి పంపింది. కానీ మేడమ్ గొంతులో కోపం లేదు. నిజం తెలుసుకోవాలనే ఆత్రం తప్ప ఇంకేమీ లేదు. అలా అడిగేవాళ్ళ ముందు అబద్ధం ఆడటం కష్టం.

"పొరబడలేదు మేడమ్. లెక్కలు నా స్నేహితురాలు చేసింది. ఇదొక్కటే కాదు, ఇక్కడ చేరినప్పటినుంచీ నేను ఇచ్చినవన్నీ అంతే. కాలేజీలో ముగ్గురం కలిసి చేసేవాళ్ళం. ఇక్కడికొచ్చాక కూడా... తప్పనిపించలేదు. అన్నం వండుకున్నట్టే చేసుకుంటూ పోయాం."

"ముగ్గురా? మూడో ఆమె ఏం చేస్తుంది?"

"మీతో ఏం మాట్లాడాలో చెబుతుంది మేడమ్."

మేడమ్ కిటికీ వైపు తిరిగింది. నవ్వు ఆపుకుంటోందో, ఇంకేమిటో బొమ్మకి తెలియలేదు.

"అంటే పోయిన మీటింగులో నువ్వు అంత గడగడా మాట్లాడింది..."

"వంటింట్లో రెండుసార్లు ప్రాక్టీసు చేశాం."

"ఆ లెక్కల పిల్ల ఎక్కడ పనిచేస్తోంది?"

బొమ్మ తల వంచుకుంది. తర్వాత ఎత్తింది. "నా సంగతి ఏదడిగినా చెబుతాను మేడమ్. తన సంగతి మాత్రం అడగొద్దు. ఇందులో తన తప్పు లేదు. చేసిపెట్టమని అడిగింది నేను."

ఇప్పుడు చెప్పులు తొడుక్కుంటుందనుకుంది. మేడమ్ పాదాలు కదలలేదు.

"నేను ఊళ్ళో లేనప్పుడు ఇది తనిఖీ వాళ్ళకి వెళ్ళిపోయింది. ఫర్వాలేదు. వాళ్ళు దేనికైనా వారం తీసుకుంటారు. రేపు పదింటికి నువ్వూ నేనూ వెళ్ళి వెనక్కి అడుగుదాం. ఊరికే అడిగితే పరువు తక్కువ. ఏం మారాలో తెలుసుకుని అడగాలి. అది తెలుసుకోవాల్సింది నువ్వు. ఆ పక్క గదిలో కూర్చో. ఫోను నాకిచ్చి వెళ్ళు. సాయంత్రానికి, ఎలా వస్తే అలా, నీ చేత్తో చేసి తీసుకురా."

"తప్పొస్తే?"

"నీ తప్పు వస్తుంది. అది కూడా నేనింతవరకు చూడలేదు కదా."

పక్క గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, కాలవ దిక్కుకి కాకపోయినా కాస్త ఆకాశం చూపించే కిటికీ ఉన్నాయి. బొమ్మ తెల్ల కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. దారి తెలుసు. లెక్క చేస్తుంటే నాలుగేళ్ళు పక్కన కూర్చుని చూసింది. అయితే పక్క సీట్లో కూర్చుని ఊరంతా తిరిగినవాళ్ళకి స్టీరింగు చేతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మొదటి పేజీ చించేసింది. రెండోదీ చించేసింది. మధ్యలో ఎవరో తలుపు చప్పుడు కాకుండా తోసి, మంచినీళ్ళ సీసా, తినడానికి ఒక పొట్లం పెట్టి, ముఖం కూడా చూడకుండా వెళ్ళిపోయారు. చించిన కాగితాలు చూసి ఒక్క మాట అడగకపోవడమే ఆ పూట ఆమెకి దొరికిన పెద్ద సాయం.

మూడోసారి కళ్ళు మూసుకుని బడి గంట తలచుకుంది. పిల్లలందరినీ ఒకే రెక్క మీదికి పంపింది. బరువంతా ఒక పక్కనే ఉంటే దూలం వంగి ఊరుకోదు. తడి బట్టని పిండినట్టు మెలి తిరుగుతుంది. లెక్క కట్టిన కాగితాల్లో వంపు ఉంది, మెలి లేదు. రెండు వైపులా సమానంగా నిలబడ్డ పిల్లలకి ఆ అవసరం రాలేదు మరి. బొమ్మ ఆ మెలిని పట్టుకుంది. ఎంతో తేల్చింది. దూలం ఇంకా మందంగా ఉండాలి.

పూర్తయ్యాక కాగితాలు వరసగా పెట్టి చూసుకుంది. అంకెలు కాస్త పొట్టిగా, పక్కకి వాలకుండా నిటారుగా ఉన్నాయి. తన అంకెలు ఇలా ఉంటాయని ఆమెకే ఇంతవరకు తెలియదు.

మేడమ్ పేజీలు తిప్పింది. "దారి సరైనది. అంకెలు తర్వాత చూస్తాను." ఫోను తిరిగి ఇచ్చింది. "మీరు ముగ్గురూ కలిసి ఒక పెద్ద ఇంజనీరు పని చేశారు. కానీ చూసినామె లెక్కించలేదు, లెక్కించినామె చూడలేదు. ఆ సందులోంచే పిల్లలు జారిపడేది. ఇవాళ ఆ సందు మూశావు. ఉద్యోగం సంగతి రేపు మాట్లాడదాం. వెళ్ళి అన్నం తిను."

దారిలో నాన్నకి ఫోను చేసింది. ఆయనకి కళ్ళద్దాల దుకాణం ఉంది. అమ్మ పోయినప్పటినుంచి వంట, జడ, బడి అన్నీ ఆయనే చూసుకున్నాడు.

"నాన్నా, ఇవాళ లెక్క మొత్తం నేనే చేశాను."

"మొత్తమా?"

"మొత్తం. ఎవర్నీ అడగలేదు."

ఆయన అటు తిరిగి, దుకాణంలో ఎవరితోనో అంటున్నాడు: "కాస్త ఆగండి, మా అమ్మాయి. వంతెన కడుతోందని చెప్పానే, ఆ అమ్మాయి."

"అందరికీ చెప్పేస్తున్నావా నాన్నా? ఇంకా పునాది కూడా పడలేదు."

"అద్దాల ఫ్రేము ముక్కు మీద పెట్టాక మనిషి ఎక్కడికి పోతాడమ్మలూ. వినాల్సిందే." ఆయన గొంతు తగ్గించాడు. "మీ అమ్మ ఉంటే ఈపాటికి వీధంతా తిరిగి చెప్పొచ్చేది. నేను నయం కదా."

ఐదంతస్తులూ మెట్లెక్కినా బొమ్మకి ఆయాసం రాలేదు. లిఫ్టు పనిచేస్తోందన్న సంగతే గమనించలేదు.

తలుపు తీసింది వాగుడు. లోపలికి రానివ్వకుండా గుమ్మానికి అడ్డంగా చేతులు చాచింది.

"మహాతల్లీ, ఇంతసేపా? ఇక్కడ ఇద్దరం నీ కోసం చూసి చూసి ఎముకలైపోయాం. ముందు కళ్ళు మూసుకో."

"నేను చెప్పాల్సింది ఉందే."

"నీది తర్వాత. ఇవాళ రోజు దీనిది. లెక్కా, చెప్పవే. నువ్వు చెప్పకపోతే నేను చెప్పేస్తా, నా సంగతి నీకు తెలుసు."

లెక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎప్పుడూ పెద్దగా నవ్వదు. ఇవాళ బుగ్గలు నొప్పెట్టేలా నవ్వుతోంది.

"మా ఆఫీసులో ఇవాళ నాకు మొదటిసారి సంతకం పెట్టే పని ఇచ్చారు. మిగతావాళ్ళు వేరే పని మీదున్నారు, చిన్నదే కదా నువ్వు చూడన్నారు. ఏం వచ్చిందో చెప్పుకో."

బొమ్మ సంచీ ఇంకా భుజానికే ఉంది. "ఏం వచ్చింది?"

"నీ వంతెన."

"ప్రశ్నపత్రం రాసిందీ ఇదే, పరీక్ష రాసిందీ ఇదే, దిద్దిందీ ఇదే," అంది వాగుడు. "వారం పట్టే పని మధ్యాహ్నానికల్లా ముగించేసి వాళ్ళ సారు కళ్ళు తిరిగేలా చేసిందట. ఎలా చేశావమ్మా అంటే ఏం చెప్పిందో తెలుసా? అలవాటు సార్ అందట."

"ప్రతి గీతా మళ్ళీ చూశానే," అంది లెక్క. "ఊరికే పెట్టలేదు సంతకం. ఒక్క అంకె కూడా తప్పు లేదు. నాకు ఎంత గర్వంగా ఉందో..."

అక్కడ ఆగిపోయింది. బొమ్మ ముఖం చూసి.

"ఏమైందే?"

బొమ్మ సంచీ కింద పెట్టి, ఎదురుగా కూర్చుంది. మేడమ్ గదిలో జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పింది. బుద్ధిమంతులైన పిల్లల గురించి చెప్పేటప్పుడు వాగుడు నవ్వబోయి మానుకుంది.

"నా లెక్క తప్పని మీ మేడమ్ అందా?" అంది లెక్క.

"ఆవిడ అనలేదు. నేను అంటున్నాను."

నాలుగేళ్ళలో ఆ ఇద్దరి మధ్య ఈ మాట ఎప్పుడూ రాలేదు. లెక్క చెప్పిందే అంకె. బొమ్మ గీసిందే గీత.

"నువ్వు చేశావా? ఒక్కదానివే?"

"ఊఁ."

"కాగితాలేవి?"

"ఆఫీసులోనే వదిలేశాను. ఇక అక్కడినుంచి ఏదీ ఇంటికి రాదు. తలలో ఉంది."

లెక్క చెవి మీద ఎప్పుడూ ఉండే పెన్సిలు తీసింది. అలవాటుగా కాగితం తన ముందుకు లాక్కోబోయింది. తర్వాత ఏమనుకుందో, పెన్సిలు తిప్పి బొమ్మకి అందించింది.

"నువ్వు చెయ్యి. నేను చూస్తా."

వాగుడు టైల్స్ షోరూము ప్రకటన కాగితం వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది. బొమ్మ మొదలుపెట్టింది. ఎదురుగా లెక్క చూస్తుంటే మొదటి వరస రెండుసార్లు కొట్టేసింది. నాలుగో వరసకి కుదురుకుంది. పిల్లల బరువు, దూలం నుంచి వాళ్ళ దూరం, మెలి. లెక్క పెదవులు కదుపుతూ అనుసరిస్తోంది. ఒకచోట తల ఊపింది. ఆ ఊపు చూశాక బొమ్మ ఇంకా గట్టిగా రాసింది.

ఉన్నట్టుండి లెక్క ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగు. పిల్లలు ఎక్కడ నిలబడతారన్నావు?"

"ఒక వైపే. బాతుల వైపు."

"ఆ వైపులో ఎక్కడ? నడక దారి మధ్యలోనా?"

బొమ్మకి ఆ దృశ్యం కళ్ళముందుకి వచ్చింది. "మధ్యలో ఎందుకుంటారు? రెయిలింగ్‌కి అతుక్కుని ఉంటారు. కొందరు దాని మీదికెక్కి వేలాడతారు కూడా."

"మరి నువ్వు మధ్యలో పెట్టావు బరువు. అంచుకి జరుపు."

ఇద్దరి తలలూ కాగితం మీదికి వంగాయి. బొమ్మ దూరం మార్చి కిందికి వేసుకుంటూ వచ్చింది. చివరి అంకె దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది.

లెక్క ఆ అంకె చుట్టూ వేలితో సున్నా చుట్టింది. "నువ్వు అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ మెలి. దూలం మందం పెంచితే సరిపోదే. ఒక్క దూలం మీద ఇది నిలవదేమో. నీ బొమ్మే మార్చాల్సి వస్తుందేమో." ఆ మాటలంటున్నప్పుడు, తన సంతకాన్ని తానే కొట్టేస్తున్న సంగతి ఆమెకి గుర్తున్నట్టు లేదు. లెక్క సరిగ్గా వచ్చినప్పుడు ఆమె ముఖం ఎప్పుడూ ఎలా ఉండేదో అలాగే ఉంది.

బొమ్మ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఇలాంటి మనిషితో ఒకే గదిలో ఉంటున్నానన్న గర్వం ముందు, ఇంతవరకు తెచ్చుకున్న మార్కులు ఆమెకి ఏపాటివీ కావనిపించాయి.

"సరే," అంది వాగుడు గొంతు సవరించుకుని. "రేపు పదింటికి మీ మేడమ్ వెళ్ళి కాగితాలు వెనక్కి అడుగుతుంది. ఈలోగా ఇది వాళ్ళ సారుకి ఏదో ఒకటి..."

"కాగితాలు మా ఆఫీసులో లేవు," అంది లెక్క.

"మరి?"

"వానలు పడకముందే వంతెన పెట్టెయ్యాలట. సంతకం కాగానే మా సారు నేరుగా వర్క్‌షాపుకి పంపేశారు. ఇనుము తెచ్చి పెట్టుకున్నారు. పొద్దున మొదటి షిఫ్టుకే కోయడం మొదలు."

బొమ్మ ఫోను తీసింది. మేడమ్ నంబరు మీద వేలు పెట్టి ఆగిపోయింది. చెబితే వంతెన ఆగుతుంది. ఆగితే ఎందుకు ఆగిందో అడుగుతారు. తను కట్టిన అంకెల్ని తానే తనిఖీ చేసిందని తెలిస్తే లెక్కని ఏ సంస్థా ఉంచుకోదు.

"నీ పేరు రాకుండా చెప్పడానికి ఏదైనా దారి ఉంటుందేమో," అంది వాగుడు లెక్కతో. "ఒక్క ఐదు నిమిషాలివ్వండే. ఏదో ఒకటి అల్లుతా."

"నువ్వు అల్లేలోపు పిల్లలు రెయిలింగ్ ఎక్కుతారు," అంది లెక్క. బొమ్మ వేలి మీద తన వేలు పెట్టి నొక్కేసింది.

స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచితే అవతల మోగింది. మేడమ్ గొంతు గదంతా వినిపించింది.

"నీ అంకెలే చూస్తున్నాను. రెయిలింగ్ దగ్గర ఒక చిన్న సంగతి వదిలేశావు. తెలిసిందా?"

"తెలిసింది మేడమ్," అంది లెక్క. "కానీ మాట్లాడుతున్నది తను కాదు. తను మీకు చెప్పనన్న మనిషిని నేను. ఆ లెక్కలు కట్టింది నేను. ఇవాళ తనిఖీ సంస్థలో కూర్చుని వాటిని సరిచూసి, బాగున్నాయని సంతకం పెట్టిందీ నేనే. అవి వర్క్‌షాపుకి వెళ్ళిపోయాయి. పొద్దున ఇనుము కోస్తారు. నా పేరు చెప్పైనా సరే ఆపించండి."

అవతల ఏదో బల్ల కింద జరిగిన చప్పుడు. మేడమ్ చెప్పులు తొడుక్కుంటోందని బొమ్మకి అర్థమైంది.

"ఈ సంగతి మీ సారుకి చెప్పావా?"

"ఇంకా లేదు మేడమ్. ఇప్పుడే చెబుతాను."

"చెప్పకు." ఆ గొంతు బొమ్మ ఎప్పుడూ విననిది. "ఇప్పుడే ఎవరికీ ఏమీ చెప్పకు. మీ సారుని నీకంటే ముందునుంచి ఎరుగుదును. ముగ్గురూ కిందికి దిగి వాకిట్లో నిలబడండి. నేను వస్తున్నాను. ఇనుము కోయకముందే మనం వర్క్‌షాపులో ఉండాలి."